పగ్గం లేని పడవ ధర

1968 జూన్ 18, మంగళవారం

పశువుల మందుల ఏజెంటు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఆరు నెలలుగా జొన్నపిండి డబ్బాకు మూతగా పనిచేసింది. ఇవాళ్టి నుంచి రాస్తాను. నా భార్య హన్మమ్మకు చదువు రాదు కాబట్టి ఇంట్లో నిజాలు రాసుకోవడానికి ఇబ్బంది లేదు.

ఇవాళ అంగడి, వారానికోసారి జరిగే పశువుల సంత. బొంరాస్‌పేట వాళ్ళ జోడెడ్లకు ధర చెప్పాను, పదకొండు వందల నలభై. అమ్మేవాడు పదమూడు వందలన్నాడు, కొనేవాడు తొమ్మిదన్నాడు. నేను పళ్ళు చూసి, తోక ఎత్తి చూసి, నాలుగడుగులు నడిపించి చెప్పాక ఇద్దరూ నోరు మూసుకున్నారు. పద్నాలుగేళ్ళుగా తాండూరు అంగడిలో ఇదే వరస. రోజూ పశువుల ఆస్పత్రిలో కాంపౌండర్ని, మంగళవారం మధ్యాహ్నం నుంచి అంగడి చావిట్లో జడ్జిని. పైసా తీసుకోను, సర్కారు నౌకరీ. చాయ్ తాగుతాను, మర్యాద పుచ్చుకుంటాను. అనంతయ్య ధర చెప్పాక ఇక బేరం లేదని జనం అంటుంటే వినడానికి బాగుంటుంది.

సాయంత్రం కోట్‌పల్లి నుంచి కొండమ్మక్క వచ్చింది. అరిగిపోతాయని చెప్పులు చేత్తో పట్టుకొని వచ్చింది. కూర్చోకముందే అడిగింది.

"తమ్మీ, పడవకు ఎంత పెట్టొచ్చురా?"

"ఏం పడవ?"

"వికారాబాద్ల సుధాకర్ పటేల్ కొట్టంల ఉన్నదంట. గుడ్డ కడితే గాలికి పోతదంట. ఎన్మిది నూర్లు చెప్తుండు. నువ్వు ఎడ్లకు చెప్తవ్ గద, గిదీ చెప్పు."

నేను పుట్టి నలభై ఆరేళ్ళయింది. పడవను క్యాలెండర్ మీద తప్ప చూడలేదు. "గదెంత పనక్కా, చూస్త పట్టు" అన్నాను.

అక్క గోడు తెలిసిందే. ప్రాజెక్టు కట్టాక ఎకరం మునిగింది, దానికి ఆరు వందలు వచ్చాయి. మిగిలిన మూడెకరాలు మునగలేదు గానీ, దారి మునిగింది. చేను అవతలి ఒడ్డున, అక్క ఇవతలి ఒడ్డున. చుట్టూ తిరిగితే పోను ఏడు మైళ్ళు, రాను ఏడు మైళ్ళు. నిరుడు కంది కాపలాకు మనిషి లేక సగం అడవిపందులు తిన్నాయి. బావ పోయి ఐదేళ్ళు. ఆ చేనే ఆమెకు దిక్కు.

చేనును ఆనుకొని యాదగిరి పటేల్ భూమి ఉంది. మూడెకరాలకు తొమ్మిది వందలు ఇస్తానని కబురు మీద కబురు పెడుతున్నాడు. ఆ అంకె ఎవరు చెప్పారో గానీ, నీళ్ళవతలి భూమికి అంతకంటే ఎవడిస్తాడు?

యాదగిరి పటేల్ పోయిన వారం ఆస్పత్రికి వచ్చి, అక్కను అమ్మకానికి ఒప్పిస్తే తన చూలు ఆవును నాకు ఇస్తానన్నాడు. దానికీ దీనికీ సంబంధం లేదు.

జూన్ 19

పడవకు పళ్ళుండవు. అదొక్కటే తేడా. మిగతాదంతా ఎద్దే అనుకుంటే సరి.

జూన్ 23, ఆదివారం

అక్కను తీసుకొని వికారాబాద్ పోయాను. సుధాకర్ పటేల్‌కు ముప్ఫై ఏళ్ళుంటాయి. హైదరాబాద్‌లో చదివి, చదువు కంటే ఎక్కువ సామాను తెచ్చుకున్నాడు. ఇంట్లో కూడా నల్ల కళ్ళద్దాలే. ఊరు విడిచిపోయే ఒక ఇంజనీరు దగ్గర ముచ్చటపడి ఈ పడవ కొన్నాడట. నాలుగేళ్ళుగా అది కొట్టంలోనే ఉంది. అందులో రెండు కోళ్ళు గుడ్లు పొదుగుతున్నాయి.

"కాంపౌండర్ సాబ్, జర పైలంగ. గా నల్లది పొడుస్తది" అన్నాడు.

కోడి ముందు భయపడితే బేరం చెడుతుంది. దాన్ని ఎత్తి పక్కన పెట్టాను. ముంజేతి మీద మూడు చోట్ల పొడిచింది.

తర్వాత పరీక్ష. పన్నెండడుగుల పొడవు. పక్కన తట్టాను, డొల్ల శబ్దం. డొక్క ఎండిన ఎద్దు లక్షణం, యాభై తగ్గించాను. వంగి కింద చూశాను. చెక్కకూ చెక్కకూ మధ్య సందుల్లోంచి వెలుతురు నా మొహం మీద పడింది. వంద తగ్గించాను. గుడ్డ కట్టే కొయ్య దగ్గర చెక్కలో ఒక ముడి ఉంది. ఎద్దుకు ఆ చోట సుడి ఉంటే యజమానికి అరిష్టం. ఇంకో యాభై. తెరచాపను ఎలుకలు తిన్నాయి.

ఒక్క మెచ్చుకోదగ్గ విషయం: ఏదీ దాచలేదు. మా అంగడిలో అయితే కొమ్ములు గీకి, నూనె రాసి, బెల్లం నీళ్ళు తాపి నిలబెడతారు. ఈయన కోళ్ళను కూడా దించలేదు. దానికి మాత్రం ధర పెంచలేదు, నిజాయితీకి అంగడిలో రేటు లేదు.

అక్క పడవ చుట్టూ ఒకసారి తిరిగి, లోపల కూర్చొని, లేచింది.

"నడిపించి చూడకుండ ధర చెప్ప" అన్నాను.

"ఈడ యేడ నడిపిస్తవయ్యా, కొట్టంల?" అన్నాడు సుధాకర్ పటేల్. ఆలోచిస్తే ఆయన మాటలోనూ న్యాయం ఉంది. వచ్చే ఆదివారం చెబుతానని లేచాను.

జూన్ 25, మంగళవారం

అంగడిలో కోట్‌పల్లి మత్తయ్య కలిశాడు. బొంబాయి రేవులో పదకొండేళ్ళు మూటలు మోసి వచ్చి, ఇప్పుడు ఇక్కడ బండలు కొడుతున్నాడు. నాకు తెలియక కాదు, మాటవరసకు అడిగాను.

"సందులున్నయా? మంచిదే. ఎండినంక గట్లనే ఉంటది. ఒడ్డున నీళ్ళల్ల ముంచి నాలుగు దినాలు ఇడువు. చెక్క నీళ్ళు తాగి ఉబ్బుతది, సందులు వాటియే మూస్కుంటయ్."

ఎద్దును నాలుగు రోజులు నీళ్ళలో ముంచితే అదీ ఉబ్బుతుంది. తర్వాత దాన్ని పూడ్చిపెడతారు. మూటలు మోసినవాడికీ ధర కట్టేవాడికీ తేడా ఉంటుంది. నవ్వి ఊరుకున్నాను.

యాదగిరి పటేల్ ఆవు ఈ నెలాఖరుకు ఈనుతుందట. ఊరికే రాసుకున్నాను.

జూన్ 30, ఆదివారం

బేరం తెగింది. నాలుగు వందల యాభై!

అంగడి పద్ధతిలోనే చేశాను. భుజం మీది తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీద కప్పాను. తువ్వాల కింద వేళ్ళే మాట్లాడాలి. ఒక వేలు పట్టుకుంటే వంద, ఒక కణుపు పట్టుకుంటే యాభై. పక్కన నిలబడ్డవాళ్ళకు ధర తెలియదు, అమ్మేవాడి పరువు పోదు, కొనేవాడి గుట్టు పోదు. నేను మూడు వేళ్ళు పట్టుకున్నాను.

"ఏయ్, కితకితలు పెట్టకు!" అని సుధాకర్ పటేల్ ఎగిరి గంతేశాడు.

పద్ధతి చెప్పాల్సి వచ్చింది. ఏ వేలికి ఎంతో, కణుపుకు ఎంతో అన్నీ పైకే చెప్పాను. తర్వాత మళ్ళీ తువ్వాల కప్పాను. ఆయన నా ఐదు వేళ్ళూ పట్టుకొని, "అయిదు నూర్లు అన్నట్టు గద?" అని గట్టిగా అడిగాడు. వాళ్ళ జీతగాళ్ళు, కోళ్ళు, అక్క, అందరూ విన్నారు. ఇక ఆ తువ్వాల దేనికో నాకే తెలియలేదు. అయినా తీయలేదు, పద్ధతి పద్ధతే. సుడి గురించి చెప్పాను, డొక్క గురించి చెప్పాను. ఆయనకు విసుగొచ్చి ఒక కణుపు తగ్గించాడు.

అక్క కొంగుముడి విప్పి లెక్కపెట్టి ఇచ్చింది. ఎనిమిది వందలది సగానికి దగ్గరగా తెచ్చాను. తాండూరులో ఇంకెవరికైనా అవుతుందా?

జూలై 4, గురువారం

మునిగింది.

పొద్దున ఎడ్లబండి మీద కోట్‌పల్లి తెచ్చాం. ఊరు ఊరంతా ఒడ్డుకు వచ్చింది. యాదగిరి పటేల్ కూడా గొడుగు వేసుకొని వచ్చాడు. ధర కట్టినవాడు మొదట ఎక్కాలని ఎవరో అన్నారు. నాకు నీళ్ళంటే భయం లేదు, ఇష్టం లేదు, అంతే. అయినా ఎక్కాను. నలుగురు తోశారు. పదడుగులు పోయింది. పాదాలు తడిశాయి, తర్వాత పిక్కలు, తర్వాత నేను కూర్చున్న చోటు. లేచి నిలబడి "పట్టుండ్రి! పట్టుండ్రి!" అని అరిచాను. పడవ నా కింద నింపాదిగా అడుగుకు పోయింది. చూస్తే నీళ్ళు మోకాళ్ళ దాకానే ఉన్నాయి.

ఆ మోకాలి లోతు నీళ్ళలో, పడవ అంచును రెండు చేతులా పట్టుకొని, నేను "కొండమ్మక్కా" అని పిలిచానట. నాకు గుర్తులేదు. అందరికీ గుర్తుంది.

జూలై 5

పడవ గురించి రాయను.

ఆస్పత్రిలో డాక్టరుగారు నన్ను "కెప్టెన్" అని పిలిచారు.

జూలై 6, శనివారం

అంగడి ధర్మం ఉండగా నాకేం దిగులు? ఎద్దు మెడ మీద కాడి పెట్టిన రోజు నుంచి మూడు రోజుల్లోపు అది పడుకుంటే, అమ్మినవాడు వాపసు తీసుకోవాలి. మావాడు పదడుగుల్లోనే పడుకున్నాడు. ఇవాళ మూడో రోజు. సెలవు పెట్టి వికారాబాద్ పోయాను.

సుధాకర్ పటేల్ ముందు ముప్పావు గంట మాట్లాడాను. పడవను అంతగా తిట్టిన మనిషి ఇంకొకడు పుట్టడు. ఎండు కట్టెలన్నాను, జల్లెడ అన్నాను, కోళ్ళ గూడన్నాను. చివరికి ఆయన చేతులు జోడించి, "నీకు దండం పెడ్తనయ్యా, పైసలు తీస్కో, పో" అని నాలుగు వందల యాభై నా చేతిలో పెట్టాడు. పడవను తర్వాత ఎప్పుడో బండి పంపి తెప్పించుకుంటానన్నాడు.

అసలైతే పశువును తోలుకొచ్చి, పగ్గం అమ్మినవాడి చేతిలో పెట్టాకే పైసలు తీసుకోవాలి. అంగడి పద్ధతి అది. కానీ పడవకు పగ్గం ఎక్కడిది?

స్టేషన్లో యాదగిరి పటేల్ కనిపించాడు. పడవ వాపసని నేనే చెప్పాను. చాలా సంతోషించాడు. ఆవు ఈనిందట, పెయ్యదూడ. రెంటినీ తోలిస్తానన్నాడు. సంబంధం లేదని నేను అనబోయాను, రైలు వచ్చేసింది.

జూలై 7, ఆదివారం

డబ్బు అక్కకు ఇచ్చేద్దామని కోట్‌పల్లి పోయాను.

మునిగిన పడవను పైకి లాగే ఓపిక ఎవరికీ లేక అక్కడే వదిలేశారట. మూడు రోజులు అది నీళ్ళలోనే పడుంది. ఈ పొద్దున అక్కా మత్తయ్యా కలిసి బిందెలతో నీళ్ళు తోడేస్తే పైకి తేలిందట. మళ్ళీ నీళ్ళు రాలేదట.

నేను పోయేసరికి పడవ అవతలి ఒడ్డు నుంచి వస్తోంది. తెరచాపకు ఎలుకలు కొట్టిన చోట్ల అక్క బావ గొంగడిని కోసి మాసికలు వేసింది. తెల్ల గుడ్డ మీద నల్ల మాసికలు. అక్క మధ్యలో కూర్చొని ఉంది. ఆమె పక్కన రెండు మేకలున్నాయి. అవి నాకంటే ధీమాగా ఉన్నాయి.

"అనంతిగా!" అని నీళ్ళ మీంచే అరిచింది. "పావు గంట రా! పావు గంటల పోయొచ్చిన! నాలుగున్నర నూర్లకు బంగారం కొన్నవ్ రా!"

ఐదేళ్ళలో అక్క మొహం అట్లా ఎప్పుడూ చూడలేదు. నా జేబులో నాలుగు వందల యాభై ఉంది.

చెప్పలేదు. వాన మొదలైంది.

జూలై 8

రేపు చెబుతాను.

జూలై 9, మంగళవారం

అంగడి. మూడు జోళ్ళకు ధర చెప్పాను, మూడూ సరిపోయాయి. కెప్టెన్ అన్నవాడి ఎద్దుకు పది తగ్గించాను.

రేపు.

జూలై 10

చొక్కా ఉతకడానికి తీస్తే హన్మమ్మకు నోట్లు కనిపించాయి. ఆస్పత్రి పైసలన్నాను. "ఆస్పత్రిల గింత పైస ఉంటే దూదెందుకు ఉండది?" అని అడిగి, మళ్ళీ జేబులోనే పెట్టింది.

జూలై 11, గురువారం

సుధాకర్ పటేల్ మనిషి ఆస్పత్రికి వచ్చాడు. పడవను యాదగిరి పటేల్ ఏడు వందలకు అడిగాడట. ఆదివారం బండి తీసుకొని ఇద్దరూ కోట్‌పల్లి వస్తారట, నేను ఉండి అప్పగించాలట.

యాదగిరి పటేల్‌కు పడవెందుకు? ఆయన గట్టు మీద కూడా గొడుగు వేసుకొనే మనిషి. అది అక్క దగ్గర ఉండకూడదు, అంతే. పడవ పోతే అక్క చేనుకు పోలేదు. పోలేకపోతే అమ్ముతుంది. పడవ వాపసైందని ఆయనకు చెప్పింది నేనే.

ఇలా కూడా ఆలోచించాను. అక్కకు ఈ వయసులో నీళ్ళ మీద తిరుగుడు ఎందుకు? నాలుగు వందల యాభై చేతికొస్తుంది, చేనుకు తొమ్మిది వందలొస్తాయి, మా ఇంటి దగ్గరే ఉంటుంది. నాకు ఆవు వస్తుంది. అందరికీ మంచిదే. పావుసేరు వేరుశనగలు తింటూ రెండు గంటలు ఇదే ఆలోచించాను. వేరుశనగలు అయిపోయాయి, అందరికీ మంచి మాత్రం కుదరలేదు.

రాస్తాను. ఎట్లాగూ ఎవరూ చదవరు. ఆ తొమ్మిది వందల అంకె నాదే. ఉగాది ముందు యాదగిరి పటేల్ చావిట్లో నా పక్కన కూర్చొని, "నీళ్ళవతలి మూడెకరాలు ఎంత చేస్తదయ్యా?" అని అడిగాడు. ఎవరి మూడెకరాలో నాకు తెలుసు. ఆయన అడిగిన తీరులోనే ఎంత చెప్పాలో ఉంది. చెప్పాను. ఆ చేను రెండు వేలకు తక్కువ చేయదు. ఆ ఆవు మూడు వందల ఇరవై చేస్తుంది. తోబుట్టువును మోసం చేశాను. ధర తెలియక చేసినా బాగుండేది, తెలిసే చేశాను.

సంబంధం ఉంది.

జూలై 12

హన్మమ్మకు అంతా చెప్పాను. కొట్టడానికి చీపురు తీస్తుందనుకున్నాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది.

"ఆవొస్తే పాలు పిండేదెవరు?" అంది.

"నువ్వే గద."

"పేడ తీసేదెవరు?"

"నువ్వే."

"గట్లైతే నన్నొక మాట అడిగినవా? నాకొద్దు నీ ఆవు. పోయి వదినెకు చెప్పు."

జూలై 13, శనివారం

అక్కకు చెప్పాను. పైసలు వాపసు తెచ్చిన సంగతి, రేపు బండి వచ్చే సంగతి. అంతవరకే చెప్పాను. ఆవు సంగతి నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

అక్క తిట్టలేదు. జొన్నరొట్టెలు మూట కట్టుకుంది, చెంబుతో నీళ్ళు పట్టుకుంది, పడవెక్కి కూర్చుంది.

"నేను దిగ. రేపు బండొస్తే నన్ను గూడ దాంట్లనే ఎక్కించుకొని పొమ్మను" అంది.

పొద్దు గుంకేదాకా గట్టు మీద కూర్చున్నాను. అక్క నా వైపు చూడలేదు. ఒక్కసారి మాత్రం, "తిన్నవా?" అని అడిగింది. లేదంటే ఒక రొట్టె విసిరింది. దాన్ని తింటుండగా తోచింది. నాకు పడవల గురించి ఏమీ తెలియదు. కానీ అంగడి గురించి తెలిసినంత ఈ జిల్లాలో ఎవడికీ తెలియదు.

జూలై 14, ఆదివారం

బండి వచ్చింది. సుధాకర్ పటేల్ కళ్ళద్దాలతో, యాదగిరి పటేల్ గొడుగుతో. జనం మొన్నటి కంటే ఎక్కువ. నేను మళ్ళీ మునుగుతానని ఎవరైనా చెప్పారేమో.

అక్క పడవను ఇరవై గజాలు లోపలికి తీసుకుపోయి కూర్చుంది. "రాండ్రి, వచ్చి తీస్కపోండ్రి" అంది. ఈత వచ్చినవాడెవడూ పటేళ్ళలో లేడు.

"మొన్న మునిగింది గద పటేలా, ఏడు నూర్లు దేనికి?" అని యాదగిరి పటేల్‌ను అడిగాను.

"నాకు అది తేలే పనే లేదు" అన్నాడు.

అప్పుడు మొదలుపెట్టాను. 

"ఇగో, అందరు ఇనుండ్రి. ఎద్దు వాపసంటే ఏంది? పైసలు చేతికొస్తే వాపసు గాదు. పగ్గం అమ్మినోని చేతిల పెడితెనే వాపసు. పగ్గం ఇయ్యనిదాక ఎద్దు కొన్నోనిదే. సచ్చినా కొన్నోనిదే, ఈనినా కొన్నోనిదే."

"ఎద్దు యేడ ఈనుతదిరా?" అని వెనక నుంచి ఎవడో అన్నాడు. పట్టించుకోలేదు.

"ఎన్మిది దినాల కింద, శనివారం, నేను పైసలు తీస్కున్న. పడవ ఇయ్యలె. దాని తాడు ఈ గట్టు మీద గుంజకే ఉండె. సుధాకర్ పటేల్ చేతికి పోలె. గట్లైతే పడవ ఎవరిది?"

సుధాకర్ పటేల్ యాదగిరి పటేల్ వైపు చూశాడు. "గిట్ల ఉంటదా?" అని అడిగాడు.

యాదగిరి పటేల్ గొడుగు మూశాడు. లేదనడానికి ఆయనకు నోరు లేదు. రెండేళ్ళ కింద ఆయన అమ్మిన ఎర్రెద్దును కొన్నవాడు వాపసు తెస్తూ, పైసలు ముందే తీసుకొని, ఎద్దును పెద్దేముల్ దగ్గర నీళ్ళకు ఆపాడు. అది అక్కడే చచ్చింది. పగ్గం తన చేతికి రాలేదు కదా అని యాదగిరి పటేల్ తన పైసలు తాను గుంజుకున్నాడు. ఆ తీర్పు చెప్పింది నేనే. ఒడ్డున ఉన్నవాళ్ళలో సగం మంది ఆ రోజు చావిట్లో ఉన్నారు.

"ఉంటది" అన్నాడు చివరికి. తర్వాత నా వైపు తిరిగాడు. "మరి పగ్గం ఇయ్యక పైసలు తీసుకున్నోనికి ఏం దండుగ, గది గూడ చెప్పు."

"అది మోసం కిందికి వస్తది" అన్నాను. "వాడు ఏడాది దాక చావిట్ల కూసోవద్దు. ధర చెప్పొద్దు."

ఎవరూ నవ్వలేదు. అది అన్నింటికంటే కష్టంగా ఉంది. నాలుగు వందల యాభై సుధాకర్ పటేల్ చేతిలో పెట్టాను. ఆయన లెక్కపెట్టకుండా జేబులో వేసుకొని, "ఇంక మల్ల రాకు సామీ" అని బండెక్కాడు.

యాదగిరి పటేల్ ఊరికే పోయే మనిషి కాదు. నలుగురూ వినేలా అడిగాడు. "మరి నా ఆవు ముచ్చటేందయ్యా అనంతయ్యా? తోలమంటవా, వద్దంటవా?"

నీళ్ళ మీద మాట దూరం పోతుంది. అక్క విన్నది.

"వద్దు" అన్నాను.

అందరూ పోయాక అక్క పడవను ఒడ్డుకు తెచ్చింది. కాళ్ళ మీద పడదామనుకున్నాను, బురదగా ఉండి ఆగాను. ఆవు గురించి అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"నీకు పడవ ధర తెల్వదని నాకు ఎరుకనేరా. నిన్ను అడగకముందే మత్తయ్యను అడిగిన. అయిదు నూర్ల దాక పెట్టొచ్చన్నడు" అంది.

"మరి నన్నెందుకు తోల్కపోతివి?"

"ఆడదాన్ని ఒక్కదాన్నే పోతే ఎన్మిది నూర్లకు పైస తగ్గడు. పక్కన ఒక మీసం ఉండాలె. నీ తెలివి కోసం గాదురా, నీ మీసం కోసం తోల్కపోయిన."

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ముక్కు చీదడం తప్ప దారి లేదు.

జూలై 16, మంగళవారం

అంగడి రోజు. పోలేదు. పొద్దున బొంరాస్‌పేట నుంచి ఎల్లప్ప అనే ఆయన కోడెను మా వాకిట్లోకే తోలుకొచ్చి, "జర పండ్లు చూడు సాబ్, ఒక్క మాట చెప్పు చాలు" అన్నాడు. చెప్పనన్నాను. చూడకుండా ఉండలేక చూశాను. ఆరు పళ్ళు, దిట్టమైన కోడె. ధర నాలుక మీదకు వచ్చింది. లోపలికి పోయి మంచినీళ్ళు తాగాను.

ఇంట్లో కాలు నిలవక కోట్‌పల్లి పోయాను. అక్క చేనుకు బయలుదేరుతోంది. "ఎక్కు" అంది. ఎక్కాను. పడవ కింద నీళ్ళ లోతు మోకాళ్ళు దాటింది, నడుము దాటింది, తర్వాత ఎంత లోతో చూడటం మానేశాను. భయమేసింది. పడవ అంచును పట్టుకున్నాను గానీ ఎవరినీ పిలవలేదు.

అవతలి ఒడ్డున దిగాం. కంది మొలకలు వచ్చాయి. సాళ్ళు వంకర లేకుండా ఉన్నాయి. అక్క ఒక్కతే విత్తిందట. గట్టు మీద నిలబడి చూశాను. నల్లరేగడి, లోతు నేల, పక్కనే నీళ్ళు. వద్దన్నా నా లోపల లెక్క నడుస్తూనే ఉంది.

"ఎంత చేస్తదిరా గీ చేను?" అని అడిగింది అక్క.

"నేను ధర చెప్పొద్దక్కా. ఏడాది దాక."

అక్క వంగి ఒక కలుపు మొక్క పీకింది. మట్టి దులిపింది.

"యాదగిరికి చెప్పినవ్ గద. నాకు గూడ చెప్పు."

నేనూ వంగి ఒక కలుపు మొక్క పీకాను. ఎప్పటి నుంచి తెలుసో అడగలేదు. ఎవరు చెప్పారో కూడా అడగలేదు.

"రెండు వేలు. తక్కువల తక్కువ" అన్నాను.

"ఊఁ" అంది.  మిగతా కలుపు ఇద్దరం తీశాం. పొద్దు వాలాక పడవ ఎక్కాం. అక్క తెరచాప తాడు పట్టుకొని, నా ముందుకు ఒక డబ్బా తోసింది.

"నీళ్ళు తోడు" అంది.

పడవలో నీళ్ళు పెద్దగా లేవు. అయినా ఒడ్డు వచ్చేదాకా తోడుతూనే ఉన్నాను.